బస్తాకి కట్టిన చీటీ

కాలవకి నీళ్లు వదిలిన వారం,
భీమవరంలో కాఫీ కొట్టు తెరిచిన కుర్రాడు
ఆటోలో తెచ్చి దింపిపోయాడు ఒక్క బస్తా.
"మీ డ్రమ్ములో వేయించి పెట్టండి బాబాయ్,
చిక్కిరీ వాసన తగలకుండా."
ముప్పై ఏళ్ల డ్రమ్ము అది. ఆ మాటకి
నాకంటే అదే ఎక్కువ నొచ్చుకునుంటుంది.

పచ్చి గింజలు. గుప్పెడు తీసి వాసన చూస్తే
కాఫీ కాదు, వాన పడని గడ్డివాము.
మూతికి నారతాడు, తాడుకి చీటీ.
కళ్లజోడు తుడుచుకుని కూడబలుక్కున్నాను:
పెరూ దేశం. పండించినామె ఎర్మెలిందా.
మందులు కొట్టలేదు, ఎరువు పెంటదే.
తోట సముద్రానికి పదహారు వందల మీటర్ల ఎత్తు.
మా పాలకొల్లు సముద్రానికి
ఒక నిచ్చెన ఎత్తు. ఉప్పెనొస్తే అదీ ఉండదు.
తేమ పదకొండు.
ఈ బస్తాకి ఆమె చేతికి ముట్టింది ఇంత,
అని కింద ఒక అంకె.

అప్పుడే దిగింది కడలి నూకరత్నం,
చించినాడ వంతెన అవతల నుంచి
ప్రతి శుక్రవారంలాగే.
"పావుకేజీ. చిక్కిరీ కాస్త ముందుకెయ్యి."
రెండెకరాల కౌలు ఆమెది.
పాస్‌బుక్కు హైదరాబాదులో ఉంటుంది,
పొలం ఈమె దగ్గరుంటుంది.

చీటీ చదివి వినిపించాను.
తేమ దగ్గర ఆపింది.
"వాళ్లకీ పెడతారా ఆ మిషను?"
పెడతారు కాబోలన్నాను.

మొన్న దాళ్వాకి
మూడు రోజులు తారురోడ్డు మీద ఆరబోసి,
రాత్రి గాలివానకి బరకం లేచిపోకుండా
దాని అంచు మీద తనే పడుకుని,
తెల్లారి పట్టుకెళ్తే
మిషను పందొమ్మిదంది.
పదిహేడు దాటితే తరుగు.
బస్తాకి అయిదు కేజీలు.
"గింజ కొరికితే టప్‌మందయ్యా.
నా పన్ను చెప్పిన మాట ఎవడిక్కావాలి!"

ఎంత ముట్టిందో మళ్లీ చదవమంది.
చదివాను.
సంచి మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది.
"సరే. ఈ చీటీ రాసిందెవరు?
కొన్నోళ్లా, ఆవిడా?"

తిరగేసి చూశాను.
వెనక ఖాళీ.

డ్రమ్ము తిప్పాను. గింజలు
పేలాల మంగలంలా చిటపటమన్నాయి.
మొదటి చప్పుడుకే దింపెయ్యమన్నాడు కుర్రాడు.
నల్లబడని కాఫీని నేనెన్నడూ దింపి ఎరగను,
చెయ్యి ఆగలేదు, ఆపాను.
చెరో గ్లాసు కాచాను.
"నేరేడుపళ్లు కడిగిన నీళ్లలా ఉంది" అని
మొహం చిట్లించి, బెల్లంముక్క అడిగి,
"పారబోస్తే పాపం, ఆడమనిషి కష్టం" అని
గ్లాసు ఖాళీ చేసింది.

ఇక ఆమె పావుకేజీ తూచాలి.
మా నాన్న రోజుల్లో తక్కెడ పళ్లెం కింద
శనగగింజంత చింతపండు ముద్ద ఉండేది.
నేనది గీకేశాను. కరెంటు కాటా కొన్నాను.
అంకెలు మాత్రం ఇన్నాళ్లూ
నావైపే తిప్పి ఉంచుకున్నాను.
ఇవాళ కాటా ఆమెవైపు తిప్పాను.

ఆమె అంకె చూడలేదు.
నన్ను చూసింది.

వెళ్లాక, అగరొత్తుల పెట్టె అట్ట చింపి రాశాను:
కడలి నూకరత్నం. దాళ్వా, బొండాలు.
సముద్రానికి నిచ్చెన ఎత్తు కూడా లేదు.
తేమ, మిషను లెక్కన పందొమ్మిది,
పంటి లెక్కన పదహారు.
చేతికి ముట్టింది...
అక్కడ పెన్ను ఆగింది. అది నేను రాసేది కాదు.

తాడైతే గుచ్చాను.
ఆ ధాన్యం ఎప్పుడో మిల్లుకెళ్లి
ఎవరెవరి బస్తాల్లోనో కలిసిపోయి
ఏ ఊరి ఎసట్లోనో ఉడికిపోయుంటుంది.
కట్టడానికి బస్తా లేదు.

గల్లాపెట్టెలో, చిల్లర పక్కన ఉంది.
వచ్చే శుక్రవారం
పెన్ను ఆమెకిస్తాను.